గోడలోని మూడో అక్షరం

హెట్టీ పాన్‌కోస్ట్ అందరినీ "నువ్వు" అనేది. జిల్లా జడ్జి వచ్చినా నువ్వే, టమాటాలు కొనే కార్ఖానా మేనేజరు వచ్చినా నువ్వే, ఇంటి ముందు కారు చెడిపోయి నిలబడ్డ పరాయి మనిషైనా నువ్వే. అది పొగరు కాదు. మేము మిత్రుల సభ వాళ్లం, బయటివాళ్లు క్వేకర్లంటారు. దేవుడి ముందు అందరూ ఒకటేనని మా పెద్దలు "మీరు" అన్న మాటని ఇంట్లోంచి వెళ్లగొట్టారు. మేమంతా కాలంతో పాటు సర్దుకుని, బజారుకి వెళితే అండీ, గారూ అనడం నేర్చుకున్నాం. హెట్టీ నేర్చుకోలేదు. "మీరు అనడానికి నీలో ఇద్దరున్నారా?" అని అడిగేది. జడ్జిగారిని కూడా అడిగింది.

మా పొలానికీ వాళ్ల పొలానికీ మధ్య ఒక వాగు, దాని గట్ల మీద ఉప్పు గడ్డి. నేను ఓరన్ హార్కర్‌ని చేసుకుని ఈ డెలవేర్ అఖాతం ఒడ్డుకి కాపరానికొచ్చిన వారంలోనే హెట్టీ తోలు వలిచిన నీటెలుకని గుడ్డలో చుట్టి పట్టుకొచ్చింది. బురదనేలల్లో బోను పెట్టి పడతారు, చలికాలంలో మా వాళ్లకి అదే విందు. వండటం వచ్చా అని అడిగింది. రాదంటే తనే పొయ్యి ముందు నిలబడి ఉల్లిపాయలేసి వండింది. మా ఆయన భోజనానికి రాగానే, కొత్త పెళ్లికూతురి పరువు కాపాడదామన్న ఆలోచనే లేకుండా, "నీ పెళ్లానికి రాదు, నేను వండాను, నేర్పుతాలే" అనేసింది. మర్యాదకైనా అబద్ధమాడటం ఆమె వల్ల అయ్యేది కాదు. ఆ రోజు నాకు ఒళ్లు మండింది గానీ, తర్వాత ముప్పై ఏళ్ల పైచిలుకు మా ఇద్దరికీ పొద్దు గడిచింది ఒకరి వంటింట్లో ఒకరికే.

ఊరందరికీ ఆమె హెట్టీ అత్త. నిజానికి ఎవరికీ అత్త కాదు. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు ఏషర్ కూడా చేసుకోలేదు. ఏషర్ పోయాక పొలం ఆమే చేసింది. వసంతంలో ఆస్పరాగస్, వేసవిలో టమాటా, నాలుగు ఆవులు. ట్రాక్టరు మీద కూర్చుంటే టోపీ తప్ప మనిషి కనబడేది కాదు, అంత పొట్టి. అయినా గేటు దగ్గర టపా డబ్బా మీద పేరు ఏషర్‌దే, ఎరువులమ్మే వాళ్లొచ్చి అడిగేది "యజమానిగారున్నారా" అనే. "ఉంది, చెప్పు" అనేది హెట్టీ. వాళ్లు ఆమె వెనక్కి తొంగి చూసేవాళ్లు.

ఇక ఆ ఇల్లు. జాకబ్ పాన్‌కోస్ట్ అనే ఆయన, ఇంగ్లండు రాజు ఇంకా మాకు రాజుగా ఉన్న రోజుల్లో కట్టాడు. పల్లపు పొలంలో బంకమన్ను తవ్వి, అక్కడే బట్టీ పెట్టి, అక్కడి ఓక్ కర్రలతోనే కాల్చిన ఇటుకలు. ఆ తవ్విన గొయ్యి ఇప్పుడు బాతుల మడుగు. సున్నం అఖాతంలోని ఆల్చిప్పలది, మంచి గుల్ల సున్నం. ఇటుకల మధ్య గోరుతో గీకితే తెల్లటి చిప్ప ముక్కలు రాలేవి. కింద రెండు గదులు, పైన రెండు. నిప్పుగూళ్లు రెండూ మూలకి వీపూ వీపూ ఆనించి ఒకే పొగగొట్టంలోకి పోతాయి. మెట్లు అలమరా లాంటి తలుపు వెనక మెలికలు తిరుగుతాయి. పరుపు పైకి పోవాలన్నా, శవం కిందికి రావాలన్నా కిటికీలోంచే. వంటిల్లు పక్కన వేరే, పొట్టి కప్పుతో, పెద్దింటి పక్కన దూడలా ఆనుకుని ఉంటుంది. నేల ఎంత వాలుగా ఉంటుందంటే, బఠాణీలు ఒలుస్తుంటే జారినవన్నీ ఉత్తరం మూలకి చేరేవి. హెట్టీ చీపురు పట్టుకుని అక్కడికే తిన్నగా వెళ్లేది.

సోకు మాత్రం గోడలది. బట్టీలో నిప్పుకి ఎదురుగా ఉన్న ఇటుకల కొసలకి కర్ర బూడిద తగిలి గాజులాంటి పొర కడుతుంది, నీలంగా, బూడిద రంగుగా మెరుస్తుంది. మా పాతకాపు మేస్త్రులు వాటిని ఏరి పెట్టుకుని, ఎర్ర గోడలో నీలి కొసలతో ముగ్గులేసినట్టు పేర్చేవాళ్లు. ముందు గోడలో చదరంగం పలకలా, పక్క గోడలో మెలికలు మెలికలుగా. బట్టలకి బొత్తాలు ఎక్కువైతే ఆడంబరమని సభలో మందలించే మనుషులు గోడలకి మాత్రం ఇంత షోకు ఎలా ఒప్పుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దానికి తోడు పేర్లు కూడా. కప్పు కింద ముక్కోణపు గోడలో, నీలి ఇటుకలతో మనిషెత్తు అక్షరాలు. పైన ఇంటిపేరు మొదటి అక్షరం, కింద ఎడమ వైపు మొగుడిది, కుడి వైపు పెళ్లానిది. అదీ ఆచారం. మా జిల్లాలో అలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి.

పాన్‌కోస్ట్ వారి ముక్కోణం మాత్రం మేమెవరమూ చూడలేదు. హెట్టీ తాతగారికి ఇటుక నాటుగా కనిపించింది. పట్నంలో ఇళ్లన్నీ తెల్లగా ఉన్నాయని తన ఇంటికి మీగడ రంగు నూనె పెయింటు వేయించాడు. తర్వాతి వాళ్లు దాని మీద పొర మీద పొర వేసుకుంటూ పోయారు. అక్షరాలు ఆ రంగు కిందే ఉండిపోయాయి.

పైన పాన్‌కోస్ట్‌కి 'పి', ఎడమ వైపు జాకబ్‌కి 'జె'. ఆ రెండింటికీ అనుమానం లేదు. మూడోది ఎవరికీ తెలీదు. జాకబ్ భార్య పేరు ఎక్కడా లేదు. భూమి కాగితాల్లో మొగుడి పేరే. సభ తాలూకు పాత పుస్తకాలు మొదటి సభా మందిరంతో పాటు కాలిపోయాయి. మా పాత సమాధులకి రాళ్లుండవు, చచ్చాక పేరెందుకు, అదీ గర్వమేనని. జాకబ్ వీలునామాలో "నా ప్రియమైన భార్యకి తూర్పు గదీ, మంచమూ, ఒక ఆవూ" అని ఉంది. ఆవుకి మాత్రం మచ్చల ఆవని గుర్తు రాశాడు మహానుభావుడు. భార్యకి పేరు రాయలేదు.

హెట్టీ నాన్న చిన్నతనంలో, రంగు పడకముందు, ఆ అక్షరాన్ని చూశాడట. 'సి' అనేవాడు, నెలవంకలా ఉండేదని. ఆయన అక్క ఫీబీ మాత్రం 'జి' అనేది, నెలవంక కడుపులో చిన్న గీత ఉండేదని. ఒకరేమో సిసిలీ అని, ఒకరేమో గ్రేస్ అని. అన్నం బల్ల దగ్గర మొదలైన ఆ తగువు ఇద్దరూ పోయేదాకా తేలలేదు. హెట్టీ ఆ తగువు వింటూ పెరిగింది.

ఒకసారి టమాటాలు సీసాల్లో పెడుతున్నాం, ఇద్దరం చెమటతో తడిసి ముద్దయ్యాం. ఎందుకో ఆ గోడ మాటొచ్చింది. ఆ అక్షరమేదైతే నీకేంటి హెట్టీ, ఆవిడొచ్చి నీ సీసాలకి మూతలు పెడుతుందా అన్నాను.

"ఈ ఇంట్లో ఆడవాళ్లంతా చచ్చేదాకా చాకిరీ చేశారు నెల్. ఒక్కరికీ ఒక రాయి లేదు, పలక లేదు. అందరిలోకీ ఆవిడ ఒక్కత్తే గోడెక్కింది. ఆవిణ్ణి కూడా మావాళ్లే పూసేశారు. నేను పోయేలోగా ఆ ఒక్క అక్షరం చూసి పోవాలి. అంతే నాకు కావలసింది" అంది. నేను మళ్లీ వెటకారం చెయ్యలేదు.

చేతనైనంతవరకూ తనే ప్రయత్నించింది. నిచ్చెనేసుకుని కత్తితో గీకింది, వేడినీళ్లు పోసింది, ఏదో ఘాటు మందు పూసి చేతులు బొబ్బలెక్కించుకుంది. అరచేతంత మేర ఊడేసరికి నిచ్చెన మీద కళ్లు తిరిగాయి. డెబ్బై దాటిన మనిషి. దిగిపో తల్లీ అని కింద నిలబడి నేను తిట్టిన తిట్లు ఆ గోడకి గుర్తుండాలి.

అప్పుడొచ్చింది దేశానికి రెండొందల ఏళ్ల పండగ. ఆ ఏడు మా వాళ్లకి పూనకమే వచ్చింది. వీధిలో మంటలార్పే నీళ్ల కొళాయిలకి కూడా జెండా రంగులేశారు. కుక్కలకి తప్ప వాటితో ఎవరికి పనో నాకు తెలీదు. ఊరి ఉత్సవ సంఘానికి వెండెల్ పెద్ద. బీమా ఏజెంటు, లావుపాటి మనిషి, మనసు వెన్న. ఊరేగింపు దారిలో ఉన్న పాత ఇళ్లన్నిటికీ రంగు ఊడగొట్టించి, తాతలనాటి ఇటుకని బయటికి తెస్తే ఎంత బాగుంటుందని అతనికి తోచింది. హెట్టీ ఇంటికొచ్చి టోపీ చేతిలో పట్టుకుని అడిగాడు.

హెట్టీ ముఖం అలా వెలగడం నేను ఎన్నడూ చూడలేదు. ఎప్పుడు, ఎలా, ఎవరు అని మూడు ప్రశ్నలు ఒకేసారి వేసింది. రస్ డిల్క్స్ అని ఒకతనున్నాడు, ఓడలకీ నూనె ట్యాంకులకీ తుప్పు వదలగొట్టే పనివాడు, కంప్రెసర్ పెట్టి ఇసుకని గాలితో కొడతాడు, ఎన్ని పొరలున్నా ఒక్క పూటలో ఎగిరిపోతాయి అన్నాడు వెండెల్. గోడ తట్టుకుంటుందా అని నేనడిగాను. ఇనుమే తట్టుకుంటోందంటే, ఇన్నేళ్లు నిలబడ్డ ఇటుక తట్టుకోదా అన్నాడు. సమాధానం బాగానే ఉంది. మాకెవరికీ అంతకు మించి తెలీదు.

రస్ జూన్ నెలలో ఒక శనివారం పొద్దున్నే వచ్చాడు. మొహమంతా నవ్వే, పాటలు పాడుకుంటూ పరంజా కట్టాడు. హెట్టీ అతనికి పంది మాంసమూ గుడ్లూ పెట్టి, ముక్కోణం దగ్గర మెల్లిగా చెయ్యమని, అక్కడ అక్షరాలున్నాయని పదిసార్లు చెప్పింది. మీ అక్షరాలు అద్దంలా తేలతాయి అత్తా, చూస్తూ ఉండండి అన్నాడు. తర్వాత తలకి తోలు ముసుగు తొడుక్కున్నాడు. కళ్ల దగ్గర చిన్న అద్దం, లోపలికి గాలి గొట్టం. పరంజా ఎక్కాడు. లారీ మీద కంప్రెసర్ మొదలైంది. బాతులన్నీ మడుగు వదిలి వాగులోకి పారిపోయాయి.

మేమిద్దరం ఆపిల్ చెట్టు కింద కుర్చీలేసుకుని కూర్చున్నాం. హెట్టీ మంచి గౌను వేసుకుంది, సభకి వేసుకునేది.

పైనుంచి మొదలుపెట్టాడు. మీగడ రంగు పెంకులై ఎగిరిపోయింది, దాని కింద ఎరుపు, ఎరుపులో నీలం. 'పి' అక్షరం తల కనబడింది. ఆ నీలం ఎంత బాగుందని. తడిసిన పావురం మెడలా మెరిసింది. హెట్టీ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకూ ఏడుపొచ్చింది, దాపరికం ఎందుకు.

అప్పుడు రస్ ఆగి, దగ్గరికి వంగి, ఆ నీలాన్ని చూశాడు. గొట్టం మళ్లీ దాని మీదికే తిప్పాడు. ఒక్కో నీలి ఇటుక దగ్గరా నిలబడి కొట్టాడు. ఇసుక మేఘం తేలిపోయేసరికి అక్కడ 'పి' లేదు. చుట్టూ ఉన్న ఇటుకల్లాగే ఎర్రగా, గరుగ్గా ఉంది.

ఏం చేస్తున్నాడో మాకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి హెట్టీ పరిగెత్తింది. "ఆపు, ఆపు రస్" అని అరిచింది. ఆ కంప్రెసర్ మోతలో పక్కనే ఉన్న నాకే ఆమె నోరు కదలడం తప్ప ఏమీ వినబడలేదు. ముసుగులో ఉన్నవాడికి ఏం వినబడుతుంది? నేను లారీ దగ్గరికి పోయి ఏది తిప్పితే ఆగుతుందో తెలీక, కనబడ్డ మీటలన్నీ లాగాను. ఒకటి లాగితే మోత ఇంకా పెరిగింది. పరంజా కర్రలు పట్టుకుని ఊపాను, అతనికి గాలి అనిపించి ఉంటుంది. హెట్టీ వంగి మట్టిబెడ్డలు తీసి విసిరింది. ఒకటి అతని వీపుకి తగిలింది. తిరిగి మమ్మల్ని చూశాడు. ఇద్దరు ముసలమ్మలు చేతులూపుతూ గెంతుతున్నారు. సంబరపడుతున్నాం అనుకున్నాడు పాపం. బొటనవేలు పైకెత్తి చూపించి, మళ్లీ గోడ వైపు తిరిగాడు.

వరస వరసగా కిందికి దిగుతున్నాడు. ఒక వరస రంగు ఊడదీస్తాడు, నీలం బయటపడుతుంది, దాన్ని కొట్టేస్తాడు, కింది వరసకి వస్తాడు. కాబట్టి ఏ అక్షరమూ మాకు ఒక్కసారి నిండుగా కనబడలేదు. జాకబ్ అక్షరం అలాగే పోయింది. తర్వాత కుడి వైపు. మూడో అక్షరానికి పై వంపు కనబడింది, పోయింది. మధ్య వరసలు వచ్చేసరికి గాలి పడిపోయి దుమ్ము అక్కడే సుడి తిరిగింది. హెట్టీ కళ్లజోడు తుడుచుకుంటోంది, పెట్టుకుంటోంది, మళ్లీ తుడుచుకుంటోంది. దుమ్ము విడిచాక అడుగు వంపు కనబడింది. అదీ పోయింది. సన్నని గీత ఉందో లేదో తేలాల్సిన చోటు మాకు ఇసుకలోనే గడిచిపోయింది.

మోత ఆగాక దిగి, ముసుగు తీసి, చెమట తుడుచుకుని, ఇంతింత నవ్వుతో వచ్చాడు.

"ఆ కింద నీలం పెయింటు ఒకటుంది చూశారూ, మొండి ఘటం. ఇటుకలోకి ఇంకిపోయింది. నేనూ వదల్లేదు అత్తా. ఇంతకీ మీ అక్షరాలు ఎక్కడా తగల్లేదే?"

"అది పెయింటు కాదు రస్. అదే ఇటుక. అవే అక్షరాలు."

నీలం ఇటుకలేంటి అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. గోడ వైపు చూశాడు, చేతిలో గొట్టం వైపు చూశాడు. ఓడల్లో పాత రంగు కింద నీలిరంగు పూత ఉండటం అతనికి అలవాటు. పాత ఇళ్ల గోడల్లో నీలి ఇటుకలుండే మా జిల్లా వాడు కాదు, డెలవేర్ నది అవతలి వాడు. మేమేమో ఆ నీలం అందరికీ తెలుసనుకున్నాం. అక్షరాలున్నాయని చెప్పాం గానీ, అవి ఏ రంగులో ఉంటాయో చెప్పాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. అతన్ని తన్నాలనిపించింది నాకు. అతను పరంజా మెట్టు మీద కూలబడి చేతుల్లో మొహం పెట్టుకునేసరికి ఆ కోపం కూడా ఎటు పోవాలో తెలీక నాలోనే ఉండిపోయింది. హెట్టీ లోపలికెళ్లి అతనికి నిమ్మరసం తెచ్చిచ్చింది.

జూలై నాలుగున ఊరేగింపు ఆ ఇంటి ముందు నుంచి పోయింది. ఎర్రగా కడిగిన ముత్యంలా ఉన్న గోడ చూసి జనం చప్పట్లు కొట్టారు. అందమైన ఇల్లని సంఘం వాళ్లు నీలిరంగు రిబ్బను బహుమతిగా గేటుకి కట్టిపోయారు. వెండెల్‌కి అప్పటికింకా సంగతి తెలీదు. రిబ్బను నేనే విప్పేశాను.

అంతటితో పోయిందనుకున్నాం. మొదటి చలికాలంలో అసలు కథ మొదలైంది. వాన పడితే గోడ స్పంజిలా తాగేది. రాత్రి గడ్డకట్టేది. పొద్దున ఎండ తగిలితే ఇటుక మొహాలు పెచ్చులు పెచ్చులుగా రాలేవి. గోడ అడుగున ఎర్రటి పొడి, మంచు మీద కారం చల్లినట్టు. హెట్టీ రోజూ ఊడ్చి బకెట్లో పోసేది. ఆ మట్టి పారబొయ్యడానికి చేతులు రాక, పల్లపు పొలంలోకి తీసుకెళ్లి బాతుల మడుగులో కలిపేది.

రాజధాని నుంచి పాత ఇళ్లు చూసే ఒకావిడ వచ్చింది. ఇటుకకి కూడా రొట్టెకున్నట్టు పైపెచ్చు ఉంటుంది, బట్టీలో గట్టిపడిన పొర, వానని ఆపేది అదే, ఇసుక దాన్ని తినేసింది, లోపలి గుజ్జు బయటపడింది అని చెప్పింది. తిరిగి వస్తుందా అని అడిగింది హెట్టీ. రాదంది. అక్షరమైనా తెలుస్తుందా అని అడిగింది. ఆవిడ నిచ్చెనెక్కి, భూతద్దం పెట్టి, సాయంత్రం దాకా చూసింది. ఆ చోట ఎర్రవీ నీలివీ అన్నీ కొసలు బయటికి పెట్టి పేర్చిన ఇటుకలేనట, తేడా పైరంగులో తప్ప పేర్పులో లేదట. దిగి, చేతులు దులుపుకుని, క్షమించమంది. ఆవిడ చేసిన తప్పేమీ లేదు. ఆ రోజుల్లో ఆ ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ క్షమించమనేవాళ్లు.

సంగతి తెలిశాక వెండెల్‌కి తిండి సయించలేదు. ఎక్కడో విని, గోడ మీద చల్లితే నీళ్లు పట్టనివ్వని మందు తెచ్చి తనే చల్లించాడు. బయటి నుంచి నీళ్లు పట్టలేదు గానీ, పునాదిలోంచి పైకెక్కిన చెమ్మ బయటికి పోయే దారి లేక లోపలే గడ్డకట్టి, తర్వాతి చలికాలంలో పెచ్చులు కాదు, పెళ్లలే ఊడాయి. ఇటుకల మధ్య సిమెంటు నింపిస్తే అదింకా గట్టిది, మెత్తబడ్డ ఇటుకని చుట్టూ కొరికేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అలా ఒకటి మాన్పబోతే ఇంకొకటి. తూర్పు పడగ్గదిలో, ఆ పేరు లేని ఆవిడకి జాకబ్ రాసిచ్చిన గదిలో, గోడకి లోపల కూడా తడి దిగింది. హెట్టీ మంచం గది మధ్యకి జరుపుకుంది.

మా ఇద్దరి మధ్యా ఆ అక్షరం సంగతి మాత్రం సద్దుమణగలేదు. నువ్వేం చూశావు నెల్ అని అడిగేది, ఒక్కోసారి సభలో నిశ్శబ్దంగా కూర్చుని బయటికొచ్చిన వెంటనే. వంపు చూశాను అనేదాన్ని. మరి గీతో అని అడిగేది. దుమ్ము హెట్టీ అనేదాన్ని. తనకీ వంపే కనబడింది. మా నిశ్శబ్ద ప్రార్థనలో దేవుడు మాట్లాడతాడంటారు. ఆ సంగతి గురించి ఆయన మాకేమీ చెప్పలేదు.

చివరికి గోడ అంతా సిమెంటు పూత పూయడం తప్ప దారి లేదని తేలింది. అదీ మంచిది కాదని రాజధాని ఆవిడ ఉత్తరం రాసింది, లోపల గోడ కుళ్లుతుందని. పుయ్యకపోతే వచ్చే చలికాలానికి గోడే ఉండేట్టు లేదు. కాలవలో పడ్డవాడికి రెండు గట్లూ దూరమే. వెండెల్ వైన్‌లాండ్ నుంచి సాల్ పెట్రోని అనే తాపీమేస్త్రిని తీసుకొచ్చాడు. ఇటలీ సంతతి వాడు, పెద్దవాళ్ల ముందు నెమ్మదిగా మాట్లాడే మనిషి. మూడు వైపులా పూసి, ఆఖరికి ముక్కోణం దగ్గరికొచ్చాడు.

అప్పటికి సాల్‌కి కథంతా తెలుసు. పూత ఇంకా పచ్చిగా ఉండగా పరంజా మీదనుంచి కిందికి వంగి, ఇప్పుడైతే తాపీ మొనతో అక్షరాలు గీసేస్తాను, ఆరితే రాయిలా ఉండిపోతాయి, ఇంకో రెండొందల ఏళ్లు ఎవరూ చెరపలేరు అన్నాడు. పైన 'పి', ఎడమ వైపు 'జె'.

"కుడి వైపు ఏం గియ్యమంటారమ్మా?"

వెండెల్ నా వైపు చూశాడు. అంతకు ముందు రోజే నా దగ్గరికొచ్చి, ఏదో ఒకటి చూశానని చెప్పెయ్యి నెల్, ముసలామె మనసు కుదుటపడుతుంది, ఎవరికి నష్టం అన్నాడు. నేను రాత్రంతా దొర్లాను. 'జి' అని చెబుదామని నిశ్చయించుకునే వచ్చాను. గ్రేస్. మంచి పేరు. అబద్ధం ఒక్క అక్షరమంతే. నా నోట్లో సిద్ధంగా ఉంది.

హెట్టీ నా వైపు తిరిగింది. ఆమె కళ్లలో శుక్లాలు వచ్చాయప్పటికి, నన్ను చూడటానికి బాగా దగ్గరికి రావాలి. వచ్చింది.

"నువ్వు చూశావా నెల్?"

కోర్టులో జడ్జి అడిగినా మా వాళ్లు ప్రమాణం చెయ్యరు, మామూలుగానే నిజం చెప్పేవాడికి ప్రమాణం ఎందుకని. ఆ మాట మీద మా పెద్దలు జైళ్లకి పోయారు. అయినా నన్నాపింది పెద్దలు కాదు. నేను చెబితే ఆమె నమ్ముతుంది. నా మాట కదా అని ఒక్క క్షణం కూడా అనుమానించదు. చచ్చేదాకా ఆవిణ్ణి గ్రేస్ అని పిలుచుకుంటుంది. ఆవిడ సిసిలీ అయితే, ఈ ఇంట్లో ఆవిణ్ణి రెండోసారి పూసేసేది నేనవుతాను.

"చూడలేదు హెట్టీ" అన్నాను.

ఆమె తల ఊపింది. కోపం లేదు, అదే నాకు భరించరానిది. పైన సాల్ పూత ఆరిపోతోందని గుర్తు చేశాడు. పోనీ తెలిసిన రెండూ గీసేస్తాను, మూడోదానికి చోటు వదులుతాను అన్నాడు.

"వద్దు. ఆయనొక్కడే ఉంటే ఆవిణ్ణి బయటికి గెంటినట్టుంటుంది. నున్నగా చేసెయ్యి" అంది హెట్టీ.

సాల్ ఇంకోసారి అడుగుదామా అన్నట్టు వెండెల్ వైపు చూశాడు. వెండెల్ నేల చూపులు చూస్తున్నాడు. సాల్ చెక్క పలక తీసుకుని, ఎడమ నుంచి కుడికి, గోడంతా ఒక్కలా సాపు చేసేశాడు.